గుండె లయను సరిచేసే మందులు

గుండె కణాల్లోకి సోడియం, పొటాషియం, కాల్షియం వచ్చిపోయే దారులను అదుపుచేసి, గతి తప్పిన నాడిని కుదుటపరచే మందులివి. వైద్యులు యాంటీ అరిథ్మిక్స్ అంటారు.

వీటిలో క్వినిడిన్‌ది మలేరియా మందుతో చుట్టరికం. క్వినైన్ వేసుకుంటే తన నాడి సర్దుకుంటోందని ఒక వర్తకుడు చెప్పిన సంగతిని డచ్ వైద్యుడు వెంకెబాక్ 1914లో నమోదు చేశాడు. క్వినైన్ దొరికే సింకోనా బెరడులోనే ఉన్న క్వినిడిన్ ఇంకా మెరుగని 1918లో ఫ్రై అనే వైద్యుడు తేల్చాడు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వాన్ విలియమ్స్ 1970లో మొదలుపెట్టిన వర్గీకరణ తరవాత నాలుగు తరగతులకు పెరిగింది: సోడియం దారిని అడ్డుకునేవి, బీటా బ్లాకర్లు, పొటాషియం దారిని అడ్డుకునేవి, కాల్షియం దారిని అడ్డుకునేవి. అమియోడరోన్ మాత్రం ఏ ఒక్క గూటిలోనూ ఇమడదు, నాలుగింటి గుణాలూ దానికున్నాయి. బరువులో మూడో వంతుకు పైగా అయోడిన్ కావడంతో థైరాయిడ్‌ను కదిలిస్తుంది. మానేసినా వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

లయ సరిచేసే మందే లయను చెడగొట్టవచ్చు. గుండెపోటు వచ్చినవారిపై జరిపిన కాస్ట్ అనే పరీక్షలో ఫ్లెకనైడ్, ఎన్‌కనైడ్ వాడినవారే ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారి కంటే ఎక్కువగా చనిపోయారని 1989లో బయటపడింది.

లయ ఎందుకు తప్పుతుందన్న దానికి, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పాల్గొన్న పరిశోధన 2009లో మరో కోణం చూపింది. ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాల లోపం ఉందని, దానికి గుండె కండర జబ్బుతో సంబంధముందని తేలింది. కండరం దెబ్బతిన్న గుండెలో లయ తప్పే ప్రమాదం ఎక్కువ. అలాంటి కొందరికి మందులతోపాటు ఛాతీలో, ప్రమాదకరంగా తప్పిన లయను విద్యుత్ షాక్‌తో సరిచేసే ఐసీడీ యంత్రాన్నీ అమరుస్తారు.