విశాఖపట్నం: కోవిడ్ కాలంలో బడుల పునఃప్రారంభంపై చర్చ

కోవిడ్ కారణంగా మూతబడిన బడులను ఎప్పుడు, ఏ షరతులతో తెరవాలన్న అంశంపై 2020–22లో విశాఖపట్నం సహా ఆంధ్రప్రదేశ్ అంతటా సాగిన బహిరంగ చర్చ ఇది. రాష్ట్రంలో విద్యాసంస్థలు 2020 మార్చి 19న మూతపడ్డాయి. నవంబరు 2న 9, 10, ఇంటర్ తరగతులు తిరిగి మొదలయ్యాయి. గదికి 15, 16 మందినే కూర్చోబెట్టారు. తొలి వారంలోనే రాష్ట్రవ్యాప్తంగా 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వైరస్ సోకినట్లు తేలింది. హాజరైన సుమారు 4 లక్షల మందిలో ఇది స్వల్పమేనని అధికారులన్నా, తల్లిదండ్రుల భయం తగ్గలేదు. 1–5 తరగతులు 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి.

రెండో విడత ఉద్ధృతితో 2021 ఏప్రిల్ 20 నుంచి 1–9 తరగతులకు సెలవులిచ్చారు. పది, ఇంటర్ పరీక్షలు జరిపి తీరుతామన్న ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు నిలదీసింది: ఎవరైనా మరణిస్తే కోటి రూపాయల పరిహారం విధించవచ్చని హెచ్చరించింది. జూన్ 24న పరీక్షలు రద్దయ్యాయి.

బడులు ఆగస్టు 16న మళ్లీ తెరుచుకున్నాయి. ఒమిక్రాన్ వేళ, 2022 జనవరిలో, తెలంగాణ సెలవులు పొడిగించగా ఆంధ్రప్రదేశ్ మాత్రం సంక్రాంతి తర్వాత 17న యథావిధిగా తరగతులు నడిపింది.