నీటికాసులు, హోమియో గుళికలు: జంషెడ్‌పూర్ పరిసరాల కంటి వైద్య చరిత్ర

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సింగ్‌భూమ్ అడవుల అంచున ఉన్న సాక్చీ అనే పల్లె దగ్గర, 1907లో ఏర్పడిన టాటా ఇనుము ఉక్కు కంపెనీ తన కర్మాగారాన్ని నిలిపి 1912లో తొలి ఉక్కు దిమ్మెను పోత పోసింది. ఆ ఊరికి 1919లో వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు కొలువుల కోసం ఈ ఊరికి చేరి, బిష్టుపూర్, కదమా, సోనారీ వంటి పేటల్లో స్థిరపడ్డారు. కొత్త ఊరికి వైద్యం ఒకే దారిన రాలేదు. కర్మాగారంతో పాటు 1908లో మొదలైన కంపెనీ ఆసుపత్రి, కార్మికులకు 1915 నుంచి ఉచితంగా అందిన చికిత్స ఒక దారి అయితే, పక్కనే ఉన్న కలకత్తా నుంచి రైల్లో వచ్చిన హోమియోపతి మరొక దారి. సంతాలీ, హో గిరిజనుల మూలికా జ్ఞానం, వలస వచ్చిన ప్రతి కుటుంబమూ వెంట తెచ్చుకున్న ఇంటి చిట్కాలు ఇంకొన్ని దారులు. కంటి జబ్బుల విషయంలో, అందులోనూ నీటికాసుల విషయంలో, ఈ దారుల మధ్య తేడా ఎంత దూరం వెళ్లిందో చూడడం అవసరం, ఎందుకంటే ఇక్కడ పొరపాటు ఖరీదు చూపే.

తెలుగులో నీటికాసులు అని, ఉత్తరాదిన కాలా మోతియా అని, డాక్టర్ల భాషలో గ్లకోమా అని పిలిచే ఈ జబ్బు, కనుగుడ్డు నుంచి మెదడుకు చూపును చేరవేసే దృష్టి నాడి క్రమంగా చచ్చుబడడం వల్ల వస్తుంది. కంటి లోపల నిరంతరం ఊరే పలుచని ద్రవం బయటికి పోయే దారి సన్నబడినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి నాడిని నొక్కుతుంది; అయితే ఒత్తిడి మామూలుగానే ఉన్నా నాడి దెబ్బతినే వారు కూడా ఉంటారు. ద్రవం పోయే కోణం ఒక్కసారిగా మూసుకుపోయే రకంలో కన్ను ఎర్రబడి, తల పగిలేంత నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. కోణం తెరిచే ఉండి మురుగు నెమ్మదిగా పూడుకుపోయే రెండో రకంలో ఈ సూచనలేవీ ఉండవు. చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తుంది, రెండు కళ్లూ ఒకదాని లోటును మరొకటి పూడ్చుకుంటూ ఉంటాయి కనుక, రోగికి సంగతి తెలిసేనాటికి నాడిలో చాలా భాగం పోయి ఉంటుంది. పోయిన నాడి మళ్లీ మొలవదు.

మొదటి రకాన్ని ప్రాచీనులు ఎరుగుదురు. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రం 76 నేత్ర రోగాలను లెక్కించి, వాటిలో కన్ను చిలికినట్టు బాధపెట్టి సగం తలకు పాకే అధిమంథాన్ని వర్ణించింది. చికిత్స లేకపోతే దోషాన్ని బట్టి కొన్ని రోజుల్లో, పిత్తజమైతే అప్పటికప్పుడే, చూపు పోతుందని హెచ్చరించింది. ఆధునిక వైద్యులు కూడా మూసుకుపోయే కోణపు నీటికాసుల విషయంలో గంటలను లెక్కపెడతారు. రెండో రకం మాత్రం పాత గ్రంథాల్లో స్పష్టంగా కనిపించదు. రోగి చెప్పని జబ్బును వైద్యుడు రాయడం ఏ కాలంలోనైనా కష్టమే.

హోమియోపతిని జర్మనీలో హానిమన్ 1810లో ప్రచురించిన ఆర్గనాన్ అనే గ్రంథంతో సిద్ధాంతంగా నిలిపాడు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో అవే లక్షణాలున్న రోగికి అదే పదార్థాన్ని అతి స్వల్పంగా ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. అది బెంగాల్‌లో వేళ్లూనడానికి కారకులలో ముఖ్యుడు మహేంద్రలాల్ సర్కార్. కలకత్తా వైద్య కళాశాలలో ఎం.డి. పొందిన ఈ డాక్టరు 1867లో తోటి వైద్యుల సభలోనే హోమియోపతిని సమర్థించి, వారి సంఘం నుంచి వెలికి గురయ్యాడు; మరుసటి ఏడాది కలకత్తా జర్నల్ ఆఫ్ మెడిసిన్‌ను ప్రారంభించాడు. నేటి జార్ఖండ్ నేలతో ఈ వైద్యానికి తొలి గాఢమైన బంధం మాత్రం ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ద్వారా ఏర్పడింది. వితంతు వివాహ ఉద్యమంతో తెలుగు పాఠకులకు సుపరిచితుడైన ఆ మహనీయుడు, జామ్తాడా ప్రాంతంలోని కర్మాటాడ్‌లో 1870ల నుంచి తన చివరి సంవత్సరాలలో ఎక్కువ భాగం గడిపి, చుట్టుపక్కల సంతాలీలకు హోమియో మందులు ఉచితంగా పంచాడు. డాక్టరు ముఖమే ఎరుగని పల్లెలో ఒక పెద్దమనిషి రోగి గడపకు వెళ్లి కూర్చుని, బాధ అడిగి, మందు ఇవ్వడం ఎంత పెద్ద ఆదరణో ఆలోచించాలి. హోమియోపతి ఈ ప్రాంతంలో సంపాదించుకున్న గౌరవంలో ఈ ఆదరణకే పెద్ద వాటా ఉంది.

ఆ తరువాతి వ్యాప్తికి మందుల పెట్టె సాయపడింది. మహేశ్‌చంద్ర భట్టాచార్య 1889లో కలకత్తాలో స్థాపించిన సంస్థ వంటివి, బిరడాలు బిగించిన చిన్న చిన్న సీసాలను వరుసలుగా అమర్చిన చెక్కపెట్టెలను, వాటితో పాటు ఇంటి వైద్య పుస్తకాలను చవకగా అమ్మడంతో, చదువుకున్న గుమాస్తా ఎవరైనా సాయంత్రం వేళ తన వరండాలో వైద్యుడు కాగలిగాడు. బెంగాలీ ఉద్యోగులు పెద్ద సంఖ్యలో ఉన్న జంషెడ్‌పూర్‌కు ఈ అలవాటు కొత్త కాదు. కాలక్రమంలో సింగ్‌భూమ్ పేరు మీద ఒక హోమియో వైద్య కళాశాల కూడా అక్కడ వెలసింది. అక్కడి తెలుగువారికీ ఇది పరాయి వైద్యం కాలేదు, ఎందుకంటే గుడివాడలో డాక్టర్ గురురాజు పేరిట ఉన్న కళాశాల 1945 నాటిది, హాస్యనటుడు అల్లు రామలింగయ్య హోమియో వైద్యుడిగా ఎంత ప్రసిద్ధుడో రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ హోమియో కళాశాలకు పెట్టిన ఆయన పేరే చెబుతుంది.

కంటి జబ్బుల విషయంలో హోమియోపతికి గట్టి పాండిత్యమే ఉంది. న్యూయార్క్ నేత్ర వైద్యశాల 1867లో హోమియో వైద్యుల చేతికి వచ్చింది. అక్కడి ఆలెన్, నార్టన్ అనే వైద్యులు 1876లో కంటి చికిత్సపై ప్రత్యేక గ్రంథం వెలువరించారు. నీటికాసులకు ఆ సంప్రదాయం చెప్పే మందులలో ఆస్మియం అనే లోహం నుంచి చేసినది ఒకటి. కొవ్వొత్తి మంట చుట్టూ ఆకుపచ్చ వలయం కనబడడం, కంటి పైనా కిందా నరం లాగినట్టు నొప్పి రావడం దాని గుర్తులుగా హోమియో మందుల గ్రంథాలు రాస్తాయి. ఆ వర్ణన ఎంత ఖచ్చితమైనదో ఏ కంటి డాక్టరైనా ఒప్పుకుంటాడు. రోగి మాటను అంత ఓపికగా విని రాసుకున్న వైద్యం మరొకటి అరుదు. కానీ సరిగ్గా అక్కడే దాని పరిమితి కూడా ఉంది. రోగి చెప్పే లక్షణం మీదనే మందు ఎంపిక నిలిచి ఉన్నప్పుడు, ఏ లక్షణమూ చూపకుండా చూపును హరించే తెరిచిన కోణపు నీటికాసులు ఆ వినికిడికి అందవు. కంటి మంట, తలనొప్పి తగ్గిందని రోగి సంతోషించి వెళ్తుండగానే నాడి క్షీణిస్తూ ఉండవచ్చు.

మొక్కల సంగతి మరింత విచిత్రమైనది. నీటికాసులపై పనిచేసిన మొదటి చుక్కల మందు ప్రకృతి నుంచే వచ్చింది. పశ్చిమాఫ్రికాలోని కాలబార్ ప్రాంతంలో ఎఫిక్ ప్రజలు నేరారోపణకు గురైన వారి చేత తినిపించి సత్యపరీక్ష చేసే విషపు గింజ ఒకటి ఉండేది. అది కంటిపాపను కుదిస్తుందని ఎడింబరో వైద్యులు 1860లలో గమనించారు. దాని సారం కంటి ఒత్తిడిని దించుతుందని 1876లో లుడ్విగ్ లాకర్ ప్రకటించాడు, ఆయన తానే నీటికాసుల రోగి. ఆ వెంటనే బ్రెజిల్ దేశపు జబొరాండి ఆకు నుంచి తీసిన పైలోకార్పిన్ వచ్చి, దాదాపు 100 సంవత్సరాలు ప్రపంచమంతటా కంటి ఆసుపత్రుల్లో నిలిచింది. ఈ రెండు మొక్కలూ, గింజ ఫైసోస్టిగ్మా పేరుతో, ఆకు జబొరాండి పేరుతో, హోమియో అరల్లోనూ ఉన్నాయి. తేడా అంతా మోతాదులో ఉంది. ఆసుపత్రి చుక్కలో మందు కొలిచి వేసినంత ఉంటుంది, కాబట్టి కంటిపాప కళ్ల ముందే కుదించుకుపోతుంది. 1 వంతును 99 వంతుల్లో కలపడం 30 సార్లు జరిగిన పొటెన్సీలో అసలు పదార్థపు అణువు మిగిలే అవకాశం ఆచరణలో లేదు, ఎందుకంటే 12వ సారికే ఆ హద్దు దాటిపోతుంది. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి అందుబాటులో ఉన్న పరిశోధనలను పరిశీలించి, హోమియోపతి ఫలితం ఇస్తుందని నమ్మదగిన ఆధారం ఏ జబ్బు విషయంలోనూ లేదని 2015లో తేల్చింది. కంటి ఒత్తిడి పెరిగిన వారికి మామూలు చుక్కలు వేసినప్పుడు 5 సంవత్సరాలలో నీటికాసులు మొదలైన వారి శాతం 9.5 నుంచి 4.4కు తగ్గిందని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 2002లో చూపింది.

ఉత్తరాంధ్ర ఇళ్ల నుంచి వెళ్లిన చిట్కాలను కూడా ఇదే చూపుతో తూచాలి. పొన్నగంటి కూర, మునగాకు కంటికి మంచివన్న మాట నిజం, కానీ ఆ మంచి విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటికి చెందినది; ఆ లోపంపై హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషి ఆధారంగానే 1970లో పిల్లలకు విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. నందివర్ధనం పూలను కళ్లపై పరచుకుంటే కలిగే చల్లదనం హాయినిస్తుంది, కంటి లోపలి ఒత్తిడిని అది తాకదు. ఉమ్మెత్త జాతి మొక్కల రసం పొరపాటున కంట్లో పడితే మాత్రం పాప విప్పారి, కోణం ఇరుకుగా ఉన్నవారిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది.

మొక్క వల్లనే నీటికాసులు పుట్టిన ఉదంతం ఈ తూర్పు ప్రాంతానిదే. మెక్సికో నుంచి వచ్చి మన బీళ్లలో పసుపు పూలతో, ముళ్ల ఆకులతో పెరిగే బలురక్కసి ఆవపొలాల్లోనూ మొలుస్తుంది. దాని నల్లని చిన్న గింజలు ఆవాలతో పాటే పండి, కంటికి ఆవాల్లాగే కనిపిస్తాయి. ఆ గింజలు గానుగలో కలిసిన నూనె తిన్న వారికి కాళ్లు వాచి, గుండె బలహీనపడి, కొందరికి కంటి ఒత్తిడి విపరీతంగా పెరిగేది. 1877లో కలకత్తాలో తొలిసారి గుర్తించిన ఈ వాపు జబ్బులో కంటి ఒత్తిడి పెరుగుతోందని మేనార్డ్ అనే వైద్యుడు 1909లో రాశాడు; కారణం బలురక్కసి నూనేనని 1926లో సర్కార్ అనే మరో వైద్యుడు సూచించాక, తరువాతి పరిశోధనలు దానిని ధ్రువపరిచాయి. 1998లో ఢిల్లీలో అదే కల్తీ 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆవనూనె ప్రధాన వంటనూనెగా ఉన్న బెంగాల్, బిహార్, జార్ఖండ్ ప్రాంతాలకు, నువ్వుల నూనె, వేరుశనగ నూనె అలవాటు ఉండి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర తెలిసి ఉండాలి. బలురక్కసి పాలను కండ్లకలకకు కంట్లో వేసే పల్లె అలవాటు మానవలసినదే.

మేనార్డ్ ఆ మాట రాసిన 1909లోనే, అప్పట్లో తెలుగు జిల్లాలకు కూడా రాజధాని అయిన మద్రాసులో, 1819 నాటి ప్రభుత్వ కంటి ఆసుపత్రి అధిపతి రాబర్ట్ హెన్రీ ఎలియట్ నీటికాసులకు కొత్త శస్త్రచికిత్సను ప్రకటించాడు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో గుండ్రని చిన్న రంధ్రం వేసి, ద్రవానికి బయటి దారి కల్పించడం దాని కీలకం. 1968లో కెయిర్న్స్ రూపొందించిన, నేటికీ వాడుకలో ఉన్న శస్త్రచికిత్సకు ఇది పూర్వరూపం. సూదితో కంటి కటకాన్ని వెనక్కి నెట్టే నాటు శస్త్రవైద్యం పాలైన వందల కళ్లను పరీక్షించిన ఎలియట్, వాటిలో ఎన్నో నీటికాసులతో చెడిపోయాయని తన గ్రంథంలో రాశాడు. ఒత్తిడిని కొలిచే షియోట్జ్ పరికరం 1905లో వచ్చాకే ఇటువంటి నిర్ధారణలకు అంకెల బలం చేకూరింది. నీటికాసుల చరిత్రలో అసలు మలుపు ఆ కొలతే. ప్రకృతి మందా, రసాయన మందా అన్న తగాదాకు అక్కడ పెద్ద అర్థం లేదు, ఏ మందైనా ఒత్తిడిని దించిందో లేదో, నాడి నిలిచిందో లేదో ఇప్పుడు చూసి చెప్పవచ్చు. కోలియస్ అనే భారతీయ మొక్క నుంచి తీసిన ఫోర్‌స్కోలిన్ చుక్కలు ఒత్తిడిని దించుతాయని 1983లో వైద్యులు ప్రకటించారు, అది ఇంకా సాధారణ చికిత్సగా స్థిరపడలేదు. గంజాయి కూడా ఒత్తిడిని కొద్ది గంటలు దించుతుందని 1971లో తేలింది, రోజంతా కాపాడలేదు కనుక వైద్యులు దానిని సూచించరు.

1990ల చివరలో హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో చేపట్టిన సర్వేలో నగరవాసులను పరీక్షించినప్పుడు, తెరిచిన కోణపు నీటికాసులు ఉన్నవారిలో పదింట తొమ్మిది మందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టే అంతకు ముందు ఎరుగరని తేలింది. జంషెడ్‌పూర్‌లో ఉన్నా, గుడివాడలో ఉన్నా, 40 సంవత్సరాలు దాటినవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్ చుక్కలు చాలాకాలం వాడినవారు కంటి ఒత్తిడిని, దృష్టి నాడిని తప్పక పరీక్షింపజేసుకోవాలి. హోమియో మందు వాడుతున్నవారు ఆ సంగతి కంటి డాక్టరుకు చెప్పాలి, డాక్టరు రాసిన చుక్కలను మాత్రం ఆయన అనుమతి లేకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు.