గింజ లేని కంచం

'గ్రెయిన్ ఫ్రీ' అన్న మాటని తెలుగులోకి తేవడం అంత తేలిక కాదు. ధాన్యం అంటే నంద్యాల మార్కెట్ యార్డులో వడ్లు. అన్నం అంటే సంస్కృతంలో తినేది ఏదైనా కావచ్చు, మనకి మాత్రం ఉడికిన బియ్యం. ఏకాదశి నాడు అన్నం మానేసినవాళ్ళు కూడా చాలా ఇళ్ళల్లో బియ్యపు రవ్వతో ఉప్పుపిండి చేసుకుని తింటారు. గింజ మానలేదు, అన్నం అనే పేరు మానారంతే!

అలాంటి చోట 2017-18లో వీరమాచనేని రామకృష్ణ అన్నం, రొట్టె, పప్పు అన్నీ మానెయ్యమన్నారు. కొబ్బరినూనె, గుడ్లు, మాంసం, కూరలు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు చాలన్నారు. జనం విన్నారు, చేశారు, సన్నబడ్డారు కూడా. ఇంకోవైపు ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలి బియ్యం, గోధుమ వద్దన్నారు గానీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమన్నారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఈ రెండు దారులకీ పడదు. కానీ రెండు వైపుల జనం నోటా ఒకే మాట: మన పెద్దవాళ్ళు ఇట్లే తినేవాళ్ళు, అందుకే గట్టిగా ఉన్నారు.

ఏ పెద్దవాళ్ళు? కుందూ నది పొడవునా నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా వెళ్తూ ఈ ప్రశ్న అడిగితే జవాబు అంత బాగుండదు.

1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే శవపేటికల వ్యాపారి తన ఊబకాయం ఎలా తగ్గిందో చెప్తూ చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానేశాడట. పిండిపదార్థాలు తగ్గించే ఆధునిక డైట్లన్నిటికీ అది ముత్తాత. సరిగ్గా అదే ఏడాది మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలవ తవ్వకం మొదలుపెట్టింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మళ్ళించి, నంద్యాల మీదుగా కడప దాకా. కంపెనీకి లాభం రాలేదు, 1882లో ప్రభుత్వమే కొనేసింది. కానీ జొన్న, కొర్ర, పత్తి పండే నల్లరేగడిలోకి వరి నిలకడగా రావడానికి దారి పడింది అక్కడే. తర్వాత 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి. ఇవాళ బెంగుళూరు అపార్ట్‌మెంట్లలో 'కర్నూలు సోనా' అని అమ్ముడుపోయే తెల్లటి బియ్యానికి వెనక ఉన్న చరిత్ర నిండా రెండు వందల ఏళ్ళది కూడా కాదు. మా జేజికి వరిబువ్వ పండక్కి తినేది. మిగతా రోజుల్లో జొన్నసంగటి. అది ఆమె ఎంచుకున్న డైట్ కాదు, ఉన్నది అదే.

ఆ కాలవ మొదటి దశాబ్దంలోనే ధాత కరువు వచ్చింది, 1876-78. దీన్ని కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే గింజ మీద, గింజలో ఏముంది అన్నదాని మీద ఈ నేల గురించి అంత పెద్ద వాదం ముందెప్పుడూ జరిగినట్టు లేదు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల ఖర్చు తగ్గించడానికి మద్రాసు వచ్చాడు. రోజంతా రాళ్ళు కొట్టే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఒంట్లో కండ నిలబడాలంటే గింజ ఇంకా ఎక్కువ కావాలి, గింజ ఒక్కటే చాలదు, పప్పు కావాలి అని కాగితాల మీద కాగితాలు రాశాడు. కూలీలు కళ్ళముందే చిక్కిపోతుంటే కొన్ని నెలలకి కూలి పెంచక తప్పలేదు. 1871 నుంచి 1881 మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆకులూ దుంపలూ తిని బతికినవాళ్ళ వంశమే మనది, అది కూడా పూర్వీకుల ఆహారమే. ఎవరూ దాన్ని యూట్యూబ్‌లో పెట్టరు.

నిజంగా గింజ మీద ఆధారపడని మనుషులు కావాలంటే ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం వైపు తిరగాలి. నరసింహస్వామికి చెంచులక్ష్మిని ఇచ్చిన నల్లమల అది. 1943లో హైమెండార్ఫ్ చెంచుల మీద పుస్తకం వేసేనాటికి కూడా వాళ్ళు గడ్డపారలాంటి కర్రతో దుంపలు తవ్వుకునేవాళ్ళు. కాయలు, తేనె, దొరికితే వేట. అయినా అడవి సరుకు ఇచ్చి జొన్నలు తెచ్చుకునేవాళ్ళు, అంబలి కాచుకునేవాళ్ళు. పూర్తిగా గింజ వద్దనుకున్నవాళ్ళు వాళ్ళలో కూడా లేరు. ఇప్పుడు అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి నెలకి 35 కిలోల బియ్యం. అడవిలోకి రాకపోకలు తగ్గేకొద్దీ కంచంలో దుంప తగ్గింది, తెల్లన్నం పెరిగింది.

అంటే డైట్ బూటకమా? కాదు. అన్నం తగ్గిస్తే తిన్నాక చక్కెర తగ్గుతుంది, ఇందులో మాయ లేదు. దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. మూడు పూటలా అదే తెల్లబియ్యం తినే ఇళ్ళకి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాల్సిందే. నాకు ఇబ్బంది అనిపించేది రెండు చోట్ల. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాత్రలే మానేస్తే ఇంకో ప్రమాదం. రెండోది ఖర్చు. గింజ తీసేస్తే ఆ ఖాళీని గుడ్డు, మాంసం, నెయ్యి నింపాలి. కార్నిష్ అడిగిన ప్రశ్నే ఇది, పప్పు ఎవరు కొంటారు?

ఆళ్ళగడ్డలో మా మేనమామ నాలుగు నెలలు పూర్తి డైట్ చేసి తొమ్మిది కిలోలు తగ్గాడు, ఐదో నెల ఆపేశాడు. ఎందుకని అడిగితే, "ఇంట్లో అందరికీ ఒక వంట, నాకొక్కనికి ఒక వంట. మీ అత్త ఎన్నాళ్ళు చేస్తాదిరా?" అన్నాడు. ఇప్పుడు రాత్రిపూట కొర్రన్నం, పగలు అన్నం ఒక గిన్నెడే, పప్పూ కూరా ఎక్కువ. మాత్ర డోసు డాక్టరే తగ్గించాడు. ఆ కొర్రల్లో నంద్యాల పరిశోధనా స్థానం తెచ్చిన 'సూర్యనంది' రకం కూడా ఉండొచ్చు. నవనందుల్లో ఒక నంది పేరది. కిలో ధర మాత్రం సోనా కంటే ఎక్కువని అత్త ప్రతిసారీ గుర్తు చేస్తుంది.