‘డెవ్రీస్’: ఊరు విడిచినవారి ఇంటిపేరు

ఊరిపేరే ఇంటిపేరైన కుటుంబాలు మనలో కోకొల్లలు. ఆ ఊళ్లోనే ఉన్నంతకాలం ఆ పేరుతో పనిపడదు. అందరూ ఒకే ఊరివాళ్లయినప్పుడు ఫలానా ఊరివాడని ఎవరు ఎవరిని పిలుస్తారు? నెదర్లాండ్స్‌లోని ‘డెవ్రీస్’ ఇంటిపేరుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది, అయితే సగమే.

‘వ్రీస్’ అంటే ఫ్రిసియావాడు, అంటే ఫ్రీస్‌లాండ్ ప్రాంతపువాడు. ముందున్న ‘డె’ వ్యక్తిని నిర్దేశించే మాట. ఉత్పరివర్తన సిద్ధాంతంతో మన విద్యార్థులకు పరిచయమైన హ్యూగో డీవ్రీస్‌ది ఈ ఇంటిపేరే. ఆయన 1848లో పుట్టింది ఫ్రీస్‌లాండ్‌లో కాదు, హార్లెమ్‌లో. 2007 నాటి లెక్కల్లో దేశంలోని ఇంటిపేర్లలో డెయోంగ్, యాన్సెన్‌ల తర్వాత మూడో స్థానం డెవ్రీస్‌దే. 71 వేల మందికి పైగా ఈ పేరున్నవారు తేలారు. దక్షిణాన లింబుర్గ్‌కు వెళితే పెత్తనమంతా యాన్సెన్‌ది (‘స్స’ వత్తుతో రాసే రూపం), అంటే తండ్రి పేరు నుంచి పుట్టిన ఇంటిపేరుది.

పేరు ఎలా అతుక్కుందో చూపడానికి ఒక నావికుడు చాలు. 1643లో బటావియా (నేటి జకార్తా) నుంచి జపాన్‌కు ఉత్తరాన ఉన్న సముద్రాలను శోధించడానికి వెళ్లిన మార్టెన్ గెరిట్స్ వ్రీస్ ఫ్రీస్‌లాండ్ రేవుపట్టణం హార్లింగెన్‌వాడు. ‘గెరిట్స్’ అంటే గెరిట్ కొడుకు. తన గడ్డమీద ఆ రెండు మాటలతో సరిపోయేది. పదిమంది పరాయివాళ్లున్న ఓడలో మూడోది అవసరమైంది. కురిల్ దీవుల్లోని ఒక జలసంధికి ఈనాటికీ ఆయన పేరే. ఆమ్‌స్టర్‌డామ్ వంటి పట్టణాలకు బతుకుతెరువు కోసం వచ్చినవారికీ ఇదే దారిలో ఈ పేరు తగిలిందనడం సబబే. యూదు కుటుంబాల్లోనూ ఇది కనిపిస్తుంది.

చిక్కల్లా ఫ్రీస్‌లాండ్‌లోనే. అక్కడా డెవ్రీస్‌లు దండిగా ఉన్నారు! నిజానికి అక్కడివారికి తమదైన బాణీ ఉంది: హూక్‌స్ట్రా, డైక్‌స్ట్రా వంటి ‘స్ట్రా’ అంతపు పేర్లు. మరి డెవ్రీస్ అక్కడికెలా చేరింది? 1810లో దేశం ఫ్రాన్సులో కలిసింది. 1811 ఆగస్టు 18న నెపోలియన్ శాసనం వచ్చింది. దాంతో అప్పటిదాకా తండ్రి పేరుతో గడిపేసిన ఫ్రిసియన్లు స్థిరమైన ఇంటిపేరు రాయించుకోవలసి వచ్చింది. పరదేశంలో అంటిన పిలుపును ఇంటికి తెచ్చుకున్నవారు కొందరైనా అప్పుడు దాన్నే నమోదు చేయించి ఉంటారని నా ఊహ.

డచ్చివాళ్లు నెపోలియన్‌ను ఆటపట్టించడానికి వింత పేర్లు రాయించారనే కథ ప్రచారంలో ఉంది. అందుకు సాక్ష్యంగా చూపే ‘నాక్ట్‌హెబోరెన్’కు పైకి ‘దిగంబరంగా పుట్టినవాడు’ అని అర్థం. మూలం మాత్రం తండ్రి పోయాక పుట్టిన బిడ్డను చెప్పే జర్మన్ మాట. కథ సరదాదే కానీ చరిత్ర కాదు. డెవ్రీస్ వంటి సాదాసీదా పేర్ల సంఖ్య చూసినా ఆ కథ నిలవదు.

ఈ వంశాలను వెతికేవారికి ఒక మాట: నెదర్లాండ్స్ జాబితాల్లో ఈ పేరు ‘వి’ అక్షరం కింద ఉంటుంది, బెల్జియంలో ‘డి’ కింద.