ఇంటిపేరుతో ఒక లెక్క: ఇంగ్లండు ప్రభువంశాల బంధు వివాహాలు

జాన్ బర్క్ 1826లో ప్రచురించడం మొదలుపెట్టిన ఇంగ్లండు ప్రభువంశావళి వైద్యుల కోసం పుట్టిన గ్రంథం కాదు. బిరుదు ఎవరికి సంక్రమించింది, ఎవరు ఎవరిని పెళ్ళాడారు అన్నంతవరకే దాని పని. ఎవరు ఏ జబ్బుతో పోయారో అది చెప్పదు. అయినా అర్ధశతాబ్దం తిరగకముందే, దగ్గరి బంధువులు పెళ్ళాడితే సంతానానికి కీడు కలుగుతుందా అన్న ప్రశ్నకు ఇటువంటి వంశావళులే సాక్ష్యమయ్యాయి.

ఆ దేశంలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డలు పెళ్ళాడడానికి చట్టం అనుమతించింది 1540లో, ఎనిమిదవ హెన్రీ కాలంలో. ఆయన అదే ఏడాది చేసుకున్న కాథరిన్ హవర్డ్, అంతకుముందు శిరచ్ఛేదం చేయించిన భార్య ఆన్ బొలీన్‌కు మేనమామ కూతురు. పాత చర్చి నియమాల ప్రకారం భార్య బంధువును చేసుకోవడమూ దోషమే. చట్టం ఎవరికి అవసరమైందో వేరే చెప్పనక్కరలేదు.

భూమి, బిరుదు పెద్దకొడుక్కే దక్కే సమాజంలో బంధుత్వపు పెళ్ళికి మరో ప్రయోజనం ఉంది. డెవన్‌షైర్ ఆరవ డ్యూక్ బ్రహ్మచారి. ఆయన మేనకోడలి కూతురు కాదు, స్వయానా మేనకోడలైన బ్లాంచ్ హవర్డ్‌ను 1829లో అదే వంశపు మరో శాఖకు చెందిన విలియం కావెండిష్ పెళ్ళాడాడు. అతని తండ్రి తండ్రి, ఆమె తల్లి తండ్రి అన్నదమ్ములు; మన లెక్కలో చక్కని మేనవరస! 1858లో డ్యూక్ మరణించగా బిరుదు విలియంకు వచ్చింది. బ్లాంచ్ 1840లోనే పోయినా, ఆమె కొడుకు ఎనిమిదవ డ్యూక్ అయ్యాడు.

చార్లెస్ డార్విన్ ప్రభువు కాడు, కానీ ఈ భయం ఆయన ఇంటిలోనే ఉంది. 1839లో మేనమామ కూతురు ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ను చేసుకున్నాడు. పదిమంది పిల్లలలో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. 1871 జనగణనలో బంధు వివాహాల గురించి ఒక ప్రశ్న చేర్చమని మిత్రుడు జాన్ లబక్ ద్వారా అడిగించాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు.

అప్పుడు కొడుకు జార్జ్, గణితజ్ఞుడు, దొడ్డిదారి వెతికాడు. వధూవరులిద్దరికీ పుట్టింటి ఇంటిపేరు ఒకటే అయిన పెళ్ళిళ్ళను లెక్కించి, కాకతాళీయంగా కలిసే వాటిని తీసివేసి, మిగిలినవాటినుండి మొత్తం బంధు వివాహాలను అంచనా వేశాడు. తన తల్లిదండ్రుల పెళ్ళి వంటివి ఇంటిపేరుకు చిక్కవు; వాటి నిష్పత్తి తేల్చడానికే వంశావళులు, ఉత్తరాలు కావలసివచ్చాయి. 1875లో ప్రకటించిన ఫలితం: ప్రభువర్గంలో సుమారు 4.5 శాతం, భూస్వాములలో 3.5, లండన్‌లో 1.5. పిచ్చాసుపత్రులలో బంధు వివాహ సంతానం అసాధారణంగా ఎక్కువేమీ కనబడలేదు. చూపించదగ్గ కీడు స్వల్పమేనని ఆయన తేల్చాడు. అరుదైన అంతర్గత జన్యులోపాలు ఇంత స్థూలమైన జల్లెడలో నిలవవని ఈనాటి వైద్యుడిగా నాకనిపిస్తుంది. మెండెల్ సూత్రాలు అప్పటికి ఎవరి దృష్టికీ రాలేదు.

ఈ పద్ధతి తెలుగునాట అక్కరకు రాదు. ఇంగ్లండులో ఇంటిపేరు కలిసే బంధువులు అన్నదమ్ముల బిడ్డలు; మనకు వారు తోబుట్టువులు. మనం చేసుకునే మేనరికంలో ఇంటిపేర్లు కలవవు. 1963లో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై అధ్యయనం ప్రచురించిన హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావుకు పట్టికల్లో ఇంటిపేర్లు సరిచూసే వీలు లేదు, మనుషులను అడగవలసిందే.