పిల్లల బేస్‌బాల్‌ మైదానం: నేల బాగుంటేనే ఆట క్షేమం

నేలపై దొర్లుతూ వచ్చే బంతి చిన్న రాయికో, గుంట అంచుకో తగిలితే ఒక్కసారిగా ముఖంపైకి లేస్తుంది. తప్పుకొనే వ్యవధి ఉండదు. పిల్లలు ఆడే బేస్‌బాల్‌లో మైదాన సంరక్షణకు ప్రాధాన్యం ఇవ్వడానికి ప్రధాన కారణమిదే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం విలియమ్స్‌పోర్ట్‌లో 1939లో కార్ల్‌ స్టాట్జ్‌ ప్రారంభించిన లిటిల్‌ లీగ్‌ ఈ ఆటను పిల్లలకు తగిన కొలతలతో మలిచింది. అక్కడ చాలాచోట్ల మైదానం పనులు చూసుకునేది తల్లిదండ్రులు, శిక్షకులే.

కొలతలు ఇలా..
పెద్దల ఆటలో బేస్‌ల మధ్య 90 అడుగుల దూరం ఉంటే, పన్నెండేళ్లలోపు పిల్లలకు 60 అడుగులు సరిపోతుంది. పిచ్చర్‌ కాలు మోపే పలక హోం ప్లేట్‌ వెనుక కొనకు 46 అడుగుల దూరంలో, ఆరు అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బపై ఉండాలి. హోం ప్లేట్‌ కొన నుంచి రెండో బేస్‌ నడిమికి 84 అడుగుల 10 అంగుళాలు వస్తే చతురస్రం సరిగా కుదిరినట్లే. ఈ రేఖ తూర్పు, ఈశాన్యాల నడుమకు సాగితే సాయంత్రపు ఎండ బ్యాటర్‌ కళ్లలో పడదు. జారుతూ వచ్చే పిల్లల చీలమండలు దెబ్బతినకుండా, బలంగా తాకితే ఊడివచ్చే బేస్‌లను 2008 నుంచి లిటిల్‌ లీగ్‌ తప్పనిసరి చేసింది.

మట్టి, నీరు
పరుగులు తీసే భాగంలో ఇసుక పాలు ఎక్కువగా, ఒండ్రు, బంకమట్టి తగినంతగా కలిసి ఉండాలి. బంక తగ్గితే నేల జారుతుంది, మితిమీరితే ఎండకు రాయిలా బిగుస్తుంది. పిచ్చర్‌, బ్యాటర్‌ నిలబడే చోట మాత్రం బంకమట్టి ఎక్కువ అవసరం. వాన నీరు నిలవకుండా మట్టిదిబ్బ నుంచి బయటికి స్వల్ప వాలు ఇవ్వాలి. నీరు నిలిస్తే చీపురుతో పచ్చికపైకి తోయరాదు. నీటితోపాటు మట్టీ కొట్టుకుపోయి పచ్చిక అంచున గట్టులా పేరుకుంటుంది. బంతి ఎగిరేది ఆ గట్టుకు తగిలే. నీటిని స్పాంజితో పీల్చి, నేల ఆరాక పొడిమట్టి వేయడం మేలు.

గీతలకు సున్నం వద్దు
కాల్చిన సున్నం, తడిపిన సున్నం కళ్లను, చర్మాన్ని కాల్చే గుణం కలవి. పిల్లలు జారిపడే మైదానంలో గీతలకు కాల్చని సున్నపురాతి పొడినే వాడాలి. తెలుగు రాష్ట్రాల్లోని పాఠశాలల మైదానాల్లో కబడ్డీ, ఖోఖో గీతలకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

ఆట ముగిశాక
బ్యాటర్‌, పిచ్చర్‌ కాళ్ల కింద పడిన గుంటలను ఆ రోజే పూడ్చాలి. గుంటను గీరి, తడిపి, బంకమట్టి నింపి, దిమ్మిసతో కొట్టి పట్టా కప్పాలి. మిగిలిన నేలను ఇనుప వలతో నెమ్మదిగా లాగి చదును చేయాలి. పచ్చిక అంచుకు అడుగు దూరంలోనే వలను ఆపి, ఆ కాస్త మేర దంతెతో సరిచేయాలి. బురదగా ఉన్నప్పుడు వల లాగితే గుంటలు పెరుగుతాయి. మరుసటి ఆటకు ముందు ఒకరు మైదానమంతా నడిచి రాళ్లు, గాజుపెంకులు ఏరివేశాకే పిల్లలను లోపలికి అనుమతించాలి.