బండ తట్టినంకనే అడుగు

గట్ల దూరం కూసుంటవేందిరా పిలగా, పొయ్యి కాడికి జరుగు. సింగరేణి బొగ్గు అంటుకునేదాక కండ్లల్ల నీళ్లు తెప్పిస్తది గని, అంటుకున్నంక తెల్లారేదాక ఆరదు. దేవుడు చెప్పిండని పది మంది పది తీర్ల అంటరు, ఎవరిది నమ్మాలె తాతా అని అడిగితివి. ఒక్క మాటల తేలేది కాదు. తొందరుంటె పో, లేకుంటె ఇను.

లోకం మునుగుతదన్న కబురు మాకు కొత్త గాదు. 1962 ఫిబ్రవరిల అష్టగ్రహ కూటమన్నరు. గ్రహాలన్ని ఒక్కకాడ చేరినయి, భూమి పని అయిపోయిందన్నరు. యజ్ఞాలు జేసిండ్రు, భజనలు జేసిండ్రు. గ్రహాలు వాటి దారిన అవి పోయినయి. మళ్ల 1979ల స్కైలాబ్ వచ్చె. అమెరికోళ్లు ఆకాశంల తిప్పిన పెద్ద డబ్బా, టన్నులకు టన్నుల బరువు. ఏడ వడ్తదో పంపినోళ్లకే తెల్వదాయె. ఇంకేంది, ఎట్లైన సచ్చేదే అని మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలల్ల కోళ్లు కోసిరి, మేకలు కోసిరి. బాకీ అడిగితె "స్కైలాబ్ పడ్డంక ఇస్త తియ్" అన్న మొనగాళ్లున్నరు. చాయ్ హోటల్ల ఇదే ముచ్చట. చాయ్ అప్పుడు పావలా. నవ్వుతున్నవా? ఆ పావలా చాయ్‌నే సాసర్ల పోసి ఇద్దరం తాగేటోళ్లం. సరే, చాయ్ సంగతి ఉండనీ. జూలై 11 నాడు స్కైలాబ్ పొయ్యి పొయ్యి హిందూ మహాసముద్రంల, ఆస్ట్రేలియా పడమటి దిక్కున వడ్డది. ఎస్పరెన్స్ అనే ఊరోళ్లు, మా కాడ చెత్త పోసిండ్రని అమెరికోళ్లకు 400 డాలర్ల జరిమానా రాసిండ్రు! ఈడ మాత్రం దొడ్లె కోళ్లు ఒడిసిపోయినయి.

గా దినాలల్లనే మా కూడికకు ఒక బోధకుడు వచ్చిండు. పేరెందుకు తియ్. గొంతు మాత్రం మస్తు గొంతు. "రాత్రి దేవుడు నాతోటి మాట్లాడిండు. అంత్యదినాలు వచ్చినయి, చేతులున్నది ఇప్పుడే సేవకు ఇయ్యుండ్రి, ఆలస్యం అమృతం విషం" అన్నడు. జీతాలు వడ్డ వారం చూసుకొనే వచ్చిండు మరి. ఒకామె చెవుల కమ్మల మీద చెయ్యి వెట్టింది. గప్పుడు మా సంఘం అయ్యగారు లేచిండు. కొట్లాడలే. "మంచిగ చెప్పినవన్నా. మూడు దినాలు ప్రార్థన చేసుకుంటం, వాక్యం చూసుకుంటం, పెద్దలం కూసొని మాట్లాడుకుంటం. గప్పుడిస్తం" అన్నడు. బోధకునికి కోపమొచ్చింది. దేవుని మాటనే అనుమానిస్తరా, శాపం తగుల్తదన్నడు. "పిల్లి శాపాలకు ఉట్లు తెగుతయా" అని అయ్యగారు నవ్వి, అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీసిండు. బెరయ ఊరోళ్లు పౌలు చెప్పింది గూడ నిజమా కాదా అని రోజూ లేఖనాలల్ల వెతికి చూసిండ్రట. పౌలు కోపానికి రాలే, రాసినాయన వాళ్లను మెచ్చుకున్నడు గూడ. మన బోధకుడు మాత్రం తెల్లారి మొదటి బస్సుకే పోయిండు.

ఇంతటితోని అయిపోయిందనుకోకు. మనిషి ఒక దిక్కు పడకుంటె ఇంకో దిక్కు పడ్తడు. ఆ తర్వాత మా కూడికల కొందరు, ఎవరు ప్రార్థన చేస్తనన్న దొంగే అని మొఖం తిప్పుకునుడు మొదలువెట్టిండ్రు. గిది గూడ తప్పే అన్నడు అయ్యగారు. థెస్సలొనీకయోళ్లకు పౌలు రెండూ చెప్పిండు: ప్రవచనాన్ని తీసిపారెయ్యొద్దు, అన్నింటిని పరీక్షించి మంచిదాన్ని పట్టుకోవాలె.

ఈ పరీక్షించుడు నాకు వాక్యంల కంటె ముందు బొగ్గుబాయిల తెలిసింది. షాట్ పేలినంక మా సర్దారు ముందుగాల పోయేటోడు. ఒక అరచెయ్యి పైబండకు ఆనిచ్చి, రెండో చేతి కట్టెతోటి తట్టేటోడు. బండ గట్టిదైతె ఖంగుమంటది. లోపల విడిసిందైతె బోలుగ మోగుతది, ఆనిచ్చిన చెయ్యికి అదురు తెలుస్తది. అట్లాంటిదాన్ని కూలగొట్టాలె, లేకుంటె కింద టింబర్ నిలవెట్టాలె. గప్పటిదాక తట్ట, చెమ్మస్ పట్టుకొని మేము బయటనే. సర్దారుకు బండ మీద పగ లేదు. షిఫ్టంత దాని కిందనే పని చెయ్యాలె గనుక తట్టిండు.

వాక్యంల గూడ తట్టి చూసే జాగలున్నయి. ఆ మాట శరీరం దాల్చి వచ్చిన యేసు దిక్కు తీస్కపోతున్నదా, చెప్పినోని పేరు దిక్కా? ఇది యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం. చెప్పింది జరిగిందా? ఇది ద్వితీయోపదేశకాండం 18. పండు ఎట్లున్నది? ఇది మత్తయి 7. పండంటె మెదక్ యాదికొస్తది. 1914ల కరువు వడ్డప్పుడు పోస్నెట్ దొర ఊకె బోధ చేసుకుంట కూసోలే, గుడి పని వెట్టి జనానికి తిండి వెట్టిండు. ఆ గుడే 1924 డిసెంబర్ 25 నాడు ప్రతిష్ఠ అయ్యింది. పిలుపు వచ్చిందని ఎవరన్న అంటరు. ఆ పిలుపుతోటి ఎవరి కంచంల మెతుకులు వడ్డయో చూడాలె.

ఇప్పుడు మన ఊరు నస్పూరే మారిపాయె. 2023ల కలెక్టరేట్ తెరిచిండ్రు, గోడ గోడకు స్వస్థత కూడికల పోస్టర్లు. బోధకుడు బస్సెక్కి వచ్చే పనే లేదు, నీ జేబులనే మోగుతడు. రాత్రికి రాత్రి పైసలు పంపు, లేకుంటె దీవెన పోతదంటడు. నువ్వు తిట్టకు, నవ్వకు. మూడు దినాలు ఆగు, మీ అమ్మకు చెప్పు, సంఘపెద్దను అడుగు. దేవుని మాటైతె మూడు దినాలకు పాసిపోదు.